బాస్కెట్‌బాల్‌కి సెకండ్ డివిజన్ కావాలి, ఇంకో తమాషా కాదు



మా కొత్తగూడలో కొందరు వాల్దైన్ నన్ను అడిగే సవాల్ ఒకటే. "భాయ్‌సాబ్, మావాడు పొడుగ్గా ఉన్నాడు, బాస్కెట్‌బాల్ బాగా ఆడుతున్నాడు. ఆడనిస్తే రేపు రోజీ దొరుకుతుందా?" ఇలా అడిగేవాళ్లని నేను తప్పుపట్టను. వాళ్ల హిసాబ్ సరైనదే. గలత్ ఉన్నది మన ముల్క్‌లో ఈ ఆటని నడిపే తీరులో.

2015లో యూబీఏ అనే ప్రొఫెషనల్ లీగ్ వచ్చింది. ఎనిమిది జట్లు, అందులో మనది హైదరాబాద్ స్కై. 2017తో ఆ లీగ్ ఖతమ్. 2018లో ముగ్గురేసి ఆడే త్రీ ఇంటూ త్రీ లీగ్ వచ్చింది, మన జట్టు పేరు హైదరాబాద్ బాలర్స్. 2022లో ఫెడరేషన్ అండతో ఇండియన్ నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ మొదలైతే ఆరు నగరాల్లో హైదరాబాద్ లేనే లేదు. 2025లో 25 ఏళ్లలోపు కుర్రాళ్ల కోసం ప్రో లీగ్ పెట్టారు. హైదరాబాద్ ఫాల్కన్స్ అన్నారు, ఆటలు మాత్రం ఢిల్లీ త్యాగరాజ్ స్టేడియంలో. పదేళ్లలో మనకి మూడు పేర్లు దక్కాయి. కొత్తగూడ కుర్రాడు బస్సెక్కి వెళ్లి ఆడగల పక్కా క్లబ్ ఒక్కటి దక్కిందా?

అసలు మస్లా ఇదే. మనవాళ్లు ప్రతిసారీ పై అంతస్తు నుంచి ఇల్లు కట్టడం మొదలుపెడతారు. లైట్లు, బ్యాండు, రంగురంగుల జెర్సీలు, కొన్ని వారాల హంగామా. దాని కింద ఏముంది? స్కూల్ టోర్నమెంట్లు, జిల్లా ఎంపికలు, స్టేట్ సర్టిఫికెట్. మధ్యలో సగటు ఆటగాడు ఏడాది పొడవునా జీతం తీసుకుని ఆడే సెకండ్ డివిజన్ అనేదే లేదు. 18 ఏళ్లకు ఎవడూ పూర్తి ఆటగాడు కాడు. 18 నుంచి 23 దాకా ఎక్కడో రోజూ ఆడాలి, ఓడాలి, నేర్చుకోవాలి. ఆ ఐదేళ్లు మన పిల్లలకి ఎక్కడున్నాయి?

మిసాల్ కావాలా? మన నేషనల్ టీమ్ పెద్ద ఆటగాళ్లు అమ్‌జ్యోత్ సింగ్, అమృత్‌పాల్ సింగ్. ఇద్దరూ జపాన్ వెళ్లి టోక్యో ఎక్సెలెన్స్‌కి ఆడారు. అది అప్పటి జపాన్ రెండో అంచె లీగ్‌లోని జట్టు. ఆ తర్వాత 2017లో అమృత్‌పాల్‌కి ఆస్ట్రేలియాలో సిడ్నీ కింగ్స్ తలుపు తెరిచింది, అమ్‌జ్యోత్‌కి ఎన్‌బీఏ కింది లీగ్‌లో ఓక్లహోమా సిటీ బ్లూ చోటిచ్చింది. అంటే మన హీరాలకి మెట్టు వేసింది పరాయి ముల్క్ సెకండ్ డివిజన్!

ఆ జపాన్ కూడా ఎప్పుడూ సలామత్‌గా లేదు. రెండు లీగులు కొట్టుకుంటున్నాయని 2014లో అంతర్జాతీయ సమాఖ్య ఫీబా ఆ దేశాన్ని సస్పెండ్ చేసింది. వాళ్లు బుద్ధి తెచ్చుకుని 2016లో బీ.లీగ్ మొదలుపెట్టారు. అప్పట్లో పైన 18 జట్లు, రెండో డివిజన్‌లో ఇంకో 18, దాని కింద మూడోది ఉండేవి. కింద గెలిచిన జట్టు పైకి, పైన ఓడిన జట్టు కిందికి వెళ్లేవి. నతీజా? 2023 ప్రపంచకప్‌లో మూడు మ్యాచులు గెలిచి జపాన్ పారిస్ ఒలింపిక్స్‌కి నేరుగా వెళ్లింది. మన మగవాళ్ల జట్టు ఒలింపిక్స్ ఆడింది ఒకే ఒక్కసారి, 1980 మాస్కోలో.

మెట్లుంటే ఏమవుతుందో మన షహర్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆటో డ్రైవర్ బేటా మొహమ్మద్ సిరాజ్ గల్లీలో టెన్నిస్ బంతితో మొదలై క్లబ్ లీగ్‌కి, 2015లో రంజీకి, 2017లో ఐపీఎల్‌కి, 2020లో టెస్ట్ జట్టుకి ఎక్కాడు. అతని మెహనత్ అతనిదే, కానీ కాలు పెట్టడానికి క్రికెట్‌లో మెట్లున్నాయి. సిరాజ్ అంత హునర్ ఉన్నవాడు బాస్కెట్‌బాల్ పట్టుకుని ఉంటే? ఏ రైల్వేలోనో స్పోర్ట్స్ కోటా నౌకరీ కోసం దర్ఖాస్తు పెట్టుకుని ఎదురు చూసేవాడు. అదైనా దొరికితే ఖుష్‌నసీబ్.

"కింది డివిజన్ ఎవరు చూస్తారు, పైసా ఎవరు పెడతారు?" అంటారు కొందరు. పై లీగ్‌ని మాత్రం ఎవరు చూశారు జనాబ్? జట్టు పేరు గుర్తుండకముందే లీగ్ మూతపడుతుంటే చూసేదెవరు? జనం చూసేది తమ మొహల్లా పిల్లాడి కోసం. ఇక హాళ్లంటారా, గచ్చిబౌలిలో ఉంది, యూసుఫ్‌గూడలో ఉంది, రెండూ సర్కారువే. జట్టుకి పేరు పెట్టుకునే స్తోమత ఉన్న కంపెనీలు మా కొత్తగూడ చుట్టూ బారులు తీరి ఉన్నాయి. ఒక స్టార్ లీగ్ హంగామాకి పోసే డబ్బుని ఈ కుర్రాళ్ల జీతాలకి మళ్లించండి చాలు.

కాబట్టి ఫెడరేషన్‌ని, స్టేట్ అసోసియేషన్‌ని మనం అడగాల్సినవి మూడు. ఒకటి, గెలిచినవాడు పైకి, ఓడినవాడు కిందికి. డబ్బుతో కొన్న కుర్చీ శాశ్వతం కాకూడదు. రెండు, ప్రతి ఆటగాడికి ఏడాది కాగితం, నెలనెలా జీతం, దెబ్బ తగిలితే ఇలాజ్ ఖర్చు. మూడు, హైదరాబాద్ పేరు పెట్టుకున్న జట్టు హైదరాబాద్‌లోనే ఆడాలి. ఇది ఖైరాత్ కాదు, ఆటగాడి హక్.

మనకీ ఒక మాట. పిల్లాడు ఇంటర్‌లో చేరగానే బంతి లాక్కోకండి. ఆటస్థలం లేని కాలేజీకి లక్షల ఫీజు కట్టేముందు "గ్రౌండ్ ఏదీ?" అని ఒక్కసారి అడగండి. ఇప్పటిదాకా రోజీ సవాల్ మన బేటాల ముందే పెడుతున్నాం. జవాబు వాళ్ల దగ్గర లేదు. లీగ్ పేరుతో స్టేజీ ఎక్కి పూలదండలు వేయించుకునేవాళ్ల ముందు పెడదాం.