ఎముక సిమెంటులో మందు: ఎక్కువైతే మేలేనా?

తుంటి కీలు మార్చారనీ, మోకాలు మార్చారనీ పెద్దలు చెప్పుకోగా మీరు వినే ఉంటారు. అరిగిన కీలును తీసివేసి, లోహంతోను ప్లాస్టిక్‌తోను చేసిన కీలును అమర్చుతారు. అది ఎముకలో కదలకుండా నిలవడానికి చాలాసార్లు 'ఎముక సిమెంటు' వాడతారు. ఇది ఇల్లు కట్టే సిమెంటు కాదు, పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే ప్లాస్టిక్. పొడినీ ద్రవాన్నీ కలిపితే కొద్ది నిమిషాల్లో వేడెక్కి గట్టిపడుతుంది. ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే సర్జన్ 1958 ప్రాంతంలో తుంటి కీళ్ళకు దీనిని వాడసాగారు.

కృత్రిమ కీలుకు పెద్ద శత్రువు బాక్టీరియా. అవి లోహాన్ని అంటిపెట్టుకుని జిగురు పొర అల్లుకుంటాయి. లోహంలో రక్తనాళాలు ఉండవు కదా! రక్తంతో వచ్చే మందు అక్కడికి చాలినంతగా చేరదు. అలాంటప్పుడు మందును సిమెంటులోనే పెడితే? జర్మనీలోని హాంబర్గ్ నగరంలో బుక్‌హోల్జ్ అనే సర్జన్ సిమెంటులో జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపి, ఫలితాలను 1970లో ప్రకటించారు. సిమెంటు వేడికి చెడిపోని మందు కావడం దాని ప్రత్యేకత.

కొంచెం మందు మంచిదైతే, ఎక్కువ మందు ఇంకా మంచిది కాదా? ఈ ఆలోచన తప్పని నా అభిప్రాయం. ఎందుకో చూడండి.

మందు రేణువులు ప్లాస్టిక్‌తో అతుక్కోవు. కాంక్రీటులో ఉప్పుకల్లు కలిపారనుకోండి. నీటికి ఉప్పు కరిగిపోగా గుంతలు మిగులుతాయి, పగుళ్ళు అక్కడే మొదలవుతాయి. ఇక్కడా అంతే. ఎముక సిమెంటు కనీసం 70 మెగాపాస్కళ్ళ నొక్కుడును తట్టుకోవాలని అంతర్జాతీయ ప్రమాణం. అంటే ఒక్కొక్క చదరపు మిల్లీమీటరు మీద సుమారు 7 కిలోల బరువన్నమాట! 40 గ్రాముల సిమెంటు పొడిలో 4.5 గ్రాములకు మించి జెంటామైసిన్ పొడి కలిపితే బలం ఈ హద్దుకు దిగువకు పడిపోతుందని 1976లోనే పరిశోధకులు చూపారు. అందుకే కీలును నిలిపే సిమెంటులో సాధారణంగా ఒక గ్రాము, అంతకు అటూ ఇటూగా కలుపుతారు.

మరి ఎక్కువ మోతాదుకు చోటే లేదా? ఉంది. చీము పట్టిన కీలును తీసేసి, కొన్ని వారాల పాటు తాత్కాలికంగా సిమెంటు దిమ్మను పెడతారు. దాన్ని మళ్ళీ తీసేస్తారు కనుక, అక్కడ బలం కంటే మందు ముఖ్యం.

ఇంకొక చిక్కు కూడా ఉంది. సిమెంటు నుంచి మందు మొదటి కొద్ది రోజుల్లోనే ఎక్కువగా ఊరుతుంది, తరువాత చాలా కొద్దికొద్దిగా వస్తుంది. బాక్టీరియాను చంపలేని ఆ స్వల్ప మోతాదులో, మందుకు లొంగని రకాలు బలపడే ప్రమాదం ఉంది. మోతాదు చాలకపోతే సూక్ష్మజీవులు మొండికెత్తుతాయని పెనిసిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ 1945లోనే హెచ్చరించారు. కొన్ని దేశాల్లో సిమెంటు వాడే దాదాపు ప్రతి కీలుమార్పిడిలోనూ మందు సిమెంటునే వాడుతున్నారు. ముప్పు ఎక్కువగా ఉన్నవారికే వాడాలని మరికొందరు డాక్టర్లు అంటారు. నాకు రెండవ మాటే సబబుగా తోస్తుంది.

కొత్త సిమెంటు బాక్టీరియాను బాగా చంపుతుందని ఎవరైనా చెబితే సంతోషించండి. కాని వెంటనే ఇంకొక ప్రశ్న వేయండి: "మరి అది మనిషి బరువు మోస్తుందా?" రెండు పరీక్షల్లోనూ నెగ్గినదాన్నే మెచ్చుకోవాలి. ఆ కీలు మీద రోజూ అడుగులు వేయవలసింది మీ తాతగారో, అమ్మమ్మగారో కావచ్చు.