స్థలము కొనుటకు ముందు

రాయగడకు రైల్వే డివిజను వచ్చునని 2019లో ప్రకటన వెలువడినది మొదలు, 2025 జనవరి 6న దాని కార్యాలయ భవనమునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట మఱింతగా, మనవారిలో స్థలముల మాట తప్ప వేఱు మాట వినబడుట లేదు. పెండ్లికి పోయినను అదియే, మజ్జిగౌరి అమ్మవారి గుడికి పోయినను అదియే. విశాఖపట్టణమున ఉద్యోగము చేయు బిడ్డలు సయితము, రెండు స్థలములు కొనియుంచుడని తండ్రులకు డబ్బు పంపుచున్నారు. స్థలము కొనుట తప్పని మేమనము. తెలియక కొనుట తప్పనియే మా అభిప్రాయము.

కుందుర మొదలు రాయగడ వఱకు మనమున్నది షెడ్యూల్డు ప్రాంతము. మదరాసు రాజధానిలో నున్ననాడే ఈ సీమకు 1917 నాటి ఏజెన్సీ భూముల చట్టము వర్తించెను. దాని స్థానమున 1956లో ఒడిశా ప్రభుత్వము రెండవ నంబరు రెగ్యులేషను తెచ్చినది. ఆదివాసి భూమిని ఇతరులు కొనవలెనన్న అధికారి అనుమతి కావలసియుండెను. 2002 సెప్టెంబరు 4 నుండి ఆ మార్గమును కూడ మూసివేసిరి. 2023 నవంబరులో మంత్రివర్గము ఆ తలుపు కొంత తెఱవ నిశ్చయించి, నిరసనలు చెలరేగగా ఆపివేసినది. బ్రోకర్లు ఈ వార్తలో మొదటి సగమే చెప్పుచున్నారు.

కావున అమ్మువాడు మన తెలుగువాడే యని నిశ్చింతగా నుండరాదు. అతనికి ఎవరమ్మిరి, వారికి ఎవరమ్మిరి అని 1956 అక్టోబరు 4 వఱకు వెనుకకు పోయి చూడవలెను. అనుమతి పత్రము లేక నడుమ ఒక్క ఆదివాసి పేరు కనబడినను, ఆ భూమిని అతనికి గాని వారసులకు గాని తిరిగి ఇప్పించు అధికారము ప్రభుత్వమునకు కలదు. పార్వతీపురము చుట్టములు చెప్పు 1/70 వేఱు. అక్కడి ఏజెన్సీలో గిరిజనేతరులు తమలో తాము అమ్ముకొనుటయు నిషిద్ధమే. ఇక్కడ అట్లు కాదు. ఈ భేదము తెలియక కొందఱు ఊరక భయపడుచున్నారు, కొందఱు ఊరక ధైర్యపడుచున్నారు.

పనివాని పేరిట కొనెడి తెలివి యొకటి కలదు. 1988 నాటి బేనామీ చట్టమును 2016లో సవరించిన పిమ్మట అట్టి ఆస్తి జప్తగును, కొన్నవానికి జైలు కూడ కలదు. చట్టము మాట యటుండనిండు. ఈ కొండవారి సంతలలో ఉప్పు, బట్టలు అమ్మి మన తాతలు బ్రదికిరి. అప్పు క్రింద వారి భూమి వ్రాయించుకొనినవారు మనలోను ఉండిరి. ఇట్టి చట్టములు ఊరక పుట్టలేదు.

ఇక కాగితములు. తాతల నాటి తెలుగు దస్తావేజులు మన ట్రంకు పెట్టెలలో భద్రముగా నున్నవి. నేటి పట్టా ఒడియాలో నుండును. ఆ రెంటికి పొత్తు కుదురునో లేదో చూచినవారెందఱు? పట్టా ఇంకను తాతగారి పేరనే యున్నచో వారసులందఱి సంతకములు కావలెను, ఆడపడుచులవి సహా. పట్టాలో 'కిసమ్' అను గడి చూడుడు. 'ఘరబారి' అని లేక పొలమని యున్నచో, భూసంస్కరణ చట్టము 8-ఎ సెక్షను క్రింద మార్పించుకొననిదే ఇల్లు కట్టరాదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ వ్రాసియిచ్చి డబ్బు తీసికొనుట అమ్మకము కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చినది.

అద్దె వచ్చునను నమ్మకముతో బ్యాంకు ఋణము తెచ్చి మేడలు కట్టువారికి ఒక మాట. సునాబెడ, దమన్‌జోడి, జేకేపూరులలో అద్దెకు వచ్చువాడు చాల వఱకు ఒక్క కర్మాగారమును నమ్ముకొనినవాడు. బదిలీ అయిన నాడు ఇల్లు ఖాళీ. వాయిదాకు మాత్రము బదిలీ లేదు. పండ్రెండు నెలలకును అద్దె లెక్కించుకొనువాడు మోసపోవును. ఏడాదికి మించిన ఒప్పందమును రిజిస్టరు చేయింపవలెను. మనవారు నోటిమాటతోనే సరిపెట్టుచున్నారు. మేమెఱిగిన యొక కుటుంబమున పెద్దాయన ముందుగదిని దుకాణమునకు ఇట్లే యిచ్చిరి. ఆయన గతించిన పిమ్మట, అడ్వాన్సు ఎంతయో దుకాణదారు చెప్పినదే కుమారులు వినవలసివచ్చెను. ఆ దుకాణదారు అబద్ధమాడెనని మేమనము. నిజమాడెనని వారును నమ్మలేకపోయిరి. ఇరువది యేండ్ల స్నేహము అంతటితో సరి.

ఒడియా పట్టా చదువగల యువకులు ఇద్దఱు, ప్లీడరు ఒకరు నెలకొక ఆదివారము సంఘమున కూర్చుండు ఏర్పాటు చేయవలెనని కార్యవర్గమును కోరుచున్నాము. ట్రంకు పెట్టెలు తెఱచి దస్తావేజులు తెచ్చుట సభ్యుల వంతు.