గోల్ఫు ఆడి వచ్చాం, గోడ మాత్రం వద్దంటున్నాం

మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఉన్నాం, చదివింది కన్నడ మీడియం. తెలుగు రాయడం ఇంట్లో నేర్చుకున్నదే, తప్పులుంటే సర్దుకోండి.

స్కాట్లండులో గోల్ఫు ఆడొచ్చామని తెలిసి పెదనాన్నగారు "టికిరి పిల్లలకి గోల్ఫేటర్రా" అని నవ్వారు. ఆఫీసు పని మీద వెళ్లి, సెలవు కలుపుకుని బావతో సెయింట్ ఆండ్రూస్ చూసొచ్చాం. ఆడింది బాల్‌గోవ్ అనే తొమ్మిది హోల్స్ చిన్న కోర్సు. ఆ తర్వాత 'హిమాలయాస్' అని ఎగుడుదిగుడుగా ఉండే పచ్చిక మీద పుటింగు. అది 1867లో మొదలైన ఆడవాళ్ల క్లబ్బుది, కొద్దిపాటి రుసుము కట్టి ఎవరైనా ఆడొచ్చు. అక్కడ మా ఇద్దరినీ ఒక ముసలావిడ చిత్తుగా ఓడించింది.

లింక్స్ అంటే సముద్రానికీ సాగు నేలకీ నడుమ ఉండే ఇసుక దిబ్బల నేల. దున్నితే పంట రాదు కాబట్టి గొర్రెలకీ కుందేళ్లకీ ఆటలకీ వదిలేశారు. చెట్లుండవు, గాలి మాత్రం ఆగదు. బంతి పైకి కొడితే ఎటో పోతుంది, కిందుగా కొట్టి దొర్లించుకోవాలి. నేల గట్టిగా ఉండి బాగా దొర్లుతుంది. గడ్డి సన్నం, ఎండాకాలంలో గోధుమ రంగుకి తిరుగుతుందట. మనలాంటి వేడి దేశాల గోల్ఫు కోర్సుల్లో ఎక్కువగా పెంచే బెర్ముడా గడ్డి ఏదనుకున్నారు? మన గరికే! కన్నడంలో గరికె, ఒడియాలో దూబ. వినాయకుడికి పెట్టేదాని మీద బంతి కొడుతున్నామన్నమాట.

మమ్మల్ని ఆలోచనలో పడేసింది ఆట కాదు, ఆదివారం. ప్రపంచమంతా పేరున్న ఓల్డ్ కోర్సుకి మామూలుగా ఆదివారం ఆట సెలవు. ఆ రోజు ఊరివాళ్లు పిల్లల్తో, కుక్కల్తో దాని మీదే తిరుగుతారు. మేమూ నడిచాం, ఎవరూ ఆపలేదు. ఆ నేల మీద ఊరివాళ్లకి హక్కుందని 1552 నాటి ఆర్చిబిషప్ హామిల్టన్ పత్రంలోనే ఉంది. అయినా 1797లో అప్పుల్లో మునిగిన పురపాలక సంఘం దాన్ని అమ్మేసింది. కొన్నవాళ్లు కుందేళ్లు పెంచారు, అవి నేలంతా తవ్విపోశాయి. కొట్లాటలు, కోర్టులు చాలా ఏళ్లు నడిచాయి. 1821లో పక్క ఎస్టేటు యజమాని చీప్ కొని ఆటని కాపాడాడు. 1894లో పార్లమెంటు చట్టంతో మళ్లీ ఊరి చేతికొచ్చింది. 1974 నుంచి ఒక ట్రస్టు చూస్తోంది.

కన్నడ బడిలో 'గోమాళ' అన్న మాట నేర్చుకున్నాం, పశువుల మేతకి ఊరు వదిలిన నేల. ఒడిశా రికార్డుల్లో అదే గోచర్. మన ఇంటి వెనక స్థలం గోచర్ కాదు, తాతగారి పేరున పట్టా ఉంది, ఒప్పుకుంటాం. కానీ మనకి తెలిసినప్పట్నుంచీ కొండ వైపు ఊళ్లవాళ్లు తలమీద గంపల్తో సంతకి ఆ దారినే వస్తారు. సాయంత్రం పిల్లలు క్రికెట్ ఆడేదీ అక్కడే. ఇప్పుడు ధర పలుకుతోందని, ఈ సంక్రాంతికి చుట్టూ ప్రహరీ లేపాలని పెద్దల మాట.

మేము వద్దంటున్నాం. పట్టా మనదే గానీ దారి మనకంటే ముందున్నది. మనం ఇక్కడికి వచ్చినవాళ్లం. వచ్చినప్పుడు నీళ్లిచ్చి, జాగా చూపించి, కొట్టు పెట్టుకోనిచ్చినవాళ్లు ఈ దారినే నడిచారు. ఆక్రమణ భయం ఉందంటారు, నిజమే, ఆ భయం మాకూ ఉంది. హద్దు రాళ్లు పాతుకుందాం, సర్వే చేయించుకుందాం, ఖర్చులో మా వంతు ఇస్తాం. ఇల్లు కట్టాల్సిన మేరకి గోడ కట్టుకుందాం. తూర్పు పక్క ఎనిమిది అడుగులు మాత్రం వదిలేద్దాం.

అదే లింక్స్ మీద మాతో నడిచొచ్చిన బావ, ఆ ఎనిమిది అడుగులకీ గేటు పెట్టి రాత్రిపూట తాళం వేద్దామంటున్నాడు. దానికీ మేము ఒప్పుకోవడం లేదు. సంతకి బయల్దేరేవాళ్లు ఇంకా తెల్లారకుండానే వస్తారు, తాళం తీసేవాడు అప్పటికి లేవడు.