ఆరుబయటి వృత్తులు

పక్షులను, చెట్లను చూసి మైమరచే పిల్లలను మనం తరచుగా చదువుపై ధ్యాస లేనివారిగా భావిస్తాం. ఆ ఆసక్తి రేపటి వృత్తికి పునాది కాగలదని గుర్తించం. పదవ తరగతి ముగియగానే ఇంటర్ గ్రూపును పెద్దలే నిర్ణయిస్తే ఆ పునాది అక్కడే చెదిరిపోతుంది.

గోదావరి డెల్టా ఆరుబయటి వృత్తులకు నిలయం. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన కోరింగ మడ అడవులలో నీటిపిల్లులను సంరక్షించే అటవీ సిబ్బంది ఉన్నారు. మారుటేరు వరి పరిశోధన కేంద్రపు శాస్త్రజ్ఞులు పొలాలలో శ్రమించి ‘స్వర్ణ’ వంగడాన్ని రూపొందించారు. కడియం నర్సరీలలో అంటుకట్టే నేర్పు అనేక కుటుంబాలను పోషిస్తున్నది. వెంకటరామన్నగూడెంలో 2007లో వెలసిన ఉద్యాన విశ్వవిద్యాలయం ఆ విద్యలో పట్టాలను అందిస్తున్నది.

అయితే ఈ వృత్తులలో ఎండ, బురద, దోమలు తప్పవు. ప్రకృతిని చూసి ఆనందించడం వేరు, దానిలో శ్రమించడం వేరు. కాబట్టి గ్రూపును ఎన్నుకోవడానికి ముందే, సెలవు దినాలలో పిల్లలను అంటుకట్టేవారి చెంతకు, పైరును పరిశీలించేవారి చెంతకు తీసుకొనిపోవాలి. సాయంకాలం అలసిపోయి కూడా “రేపు మళ్ళీ వెళ్దాం” అన్న బిడ్డను ఆపరాదు. “ఇక చాలు” అన్న బిడ్డను నిందించరాదు. ఇద్దరూ తమ దారిని తెలుసుకొన్నవారే.