బీవర్ల ఉమ్మడి సంసారం

స్కాట్లండ్‌లో బీవర్‌ను కాల్చాలంటే ప్రభుత్వ లైసెన్సు ఉండాలి. ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 16 దాకా అయితే ఆ లైసెన్సు కూడా మామూలుగా దొరకదు. పిల్లలు తల్లిని నమ్ముకుని బతికే రోజులవి. ఈ జంతువుకు ఓ సంసారం ఉందని చట్టం ఒప్పుకున్నట్లే.

మన దేశంలో బీవర్లు లేవు. మన నదుల్లోని నీటికుక్కకూ దీనికీ చుట్టరికం లేదు. నీటికుక్క చేపలు తింటుంది. ఎలుకలు, ఉడతల వర్గానికి చెందిన బీవర్ మాత్రం పక్కా శాకాహారి. ఆకులు, చెట్ల బెరడే దాని తిండి. కొమ్మలు, బురదతో వాగుకు అడ్డుకట్ట వేసి, నిలిచిన నీటిలో ఇల్లు కట్టుకుంటుంది. వాకిలి నీటి అడుగున ఉంటుంది. మట్టం తగ్గితే అది బయటపడి శత్రువుకు దారి దొరుకుతుంది. అందుకే కట్ట తెగితే ఇంటిల్లిపాదీ మరమ్మతుకు దిగాల్సిందే.

ఇంటిల్లిపాది అంటే ఒక జంట, ఆ ఏడు పుట్టిన పిల్లలు, కిందటేడు పుట్టిన పిల్లలు. కూనలు పుట్టేటప్పటికే ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకుని ఉంటాయి. అయినా కొన్ని వారాలు ఇల్లు దాటవు. తల్లి పాలిస్తుంటే తండ్రి, అన్నలు, అక్కలు ఆకుల కొమ్మలు లోపలికి మోస్తాయి. ప్రమాదం పసిగట్టిన బీవర్ వెడల్పాటి తోకతో నీటిని చరిస్తే మిగతావి లోతుకు మునుగుతాయి. గట్టు మీద బురద పోగేసి తమ ఒంటి వాసన పూస్తాయి. పొరుగువారికి అదే సరిహద్దు రాయి. రెండేళ్లు నిండాక పిల్లలు సాధారణంగా ఇల్లు వదిలి కొత్త చోటు, తోడు వెతుక్కుంటాయి. అలాగని ఆదర్శ దాంపత్యమని మురిసిపోనక్కర్లేదు. అమెరికాలోని ఇలినాయిలో జరిపి 2008లో ప్రచురించిన జన్యు అధ్యయనంలో చాలా ఈతల్లో పిల్లలకు తండ్రులు వేర్వేరని తేలింది.

బొచ్చు కోసం సాగిన వేటలో బ్రిటన్‌లో బీవర్లు సుమారు 400 ఏళ్ల కిందటే అంతరించాయి. 20వ శతాబ్దం మొదట్లో ఐరోపా, ఆసియా రెంటిలో కలిపి మిగిలినవి దాదాపు 1,200. రక్షణ, పునరావాసం పుణ్యమా అని ఇప్పుడవి పది లక్షలు దాటాయి. తగాదా కూడా అక్కడే మొదలైంది. స్కాట్లండ్‌లో టే నది పరిసరాల పల్లపు భూముల్లో వీటి కట్టల వల్ల పంటపొలాలు మునిగాయి. 2019 మే 1న చట్టరక్షణ లభించినా, ఆ ఏడాది చివరికి లైసెన్సులతోనే 87 బీవర్లను చంపారు. లైసెన్సు ఇవ్వడానికి కారణాలు స్పష్టంగా చెప్పాలని 2021లో కోర్టు ఆదేశించింది. చంపడానికి బదులు వేరేచోటికి తరలించడాన్ని ప్రోత్సహిస్తామని ప్రభుత్వం అదే ఏడాది ప్రకటించింది.

ఇంగ్లండ్‌లో డెవన్ కౌంటీలోని ఆటర్ నదిలో 2014లో బీవర్లు పిల్లలతో కనిపించినప్పుడు సర్కారు వాటిని పట్టుకెళ్లాలనుకుంది. స్థానికులు అడ్డుపడ్డారు. అయిదేళ్ల పరిశీలన తర్వాత, 2020లో అక్కడే ఉండనిచ్చారు. ఆ పరిశీలన నివేదిక అసలు చిక్కును బయటపెట్టింది. కట్టలతో వరద నెమ్మదించి లాభపడేది దిగువ ఊరు, పొలం మునిగి నష్టపోయేది ఎగువ రైతు. లాభపడినవారు నష్టపోయినవారికి పరిహారం ఎలా ముట్టజెప్పాలన్నది బీవర్లు తేల్చగలిగే విషయం కాదు.

అధికారులు తేల్చాల్సింది ఇంకొకటి ఉంది. లైసెన్సు లెక్క తలలది, బీవర్ల లెక్క కుటుంబాలది. తల్లి చనిపోతే కూనలు బతకవు. కుటుంబమంతా పోయినా వాగు ఖాళీగా ఉండదు. చోటు వెతుక్కుంటూ ఎగువ నుంచో దిగువ నుంచో వచ్చిన రెండేళ్ల బీవర్ అక్కడే దిగుతుంది, మళ్లీ కట్ట మొదలెడుతుంది. రైతు మళ్లీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి.