గురువు దొరకనివారికి వీణ నిషిద్ధమా?

గురువు లేని విద్య గుడ్డి విద్య యను సామెతను మన విద్వాంసులు కొందఱు తఱచుగా వల్లించుచున్నారు. గ్రంథమును జూచియు, ధ్వనిముద్రణములను వినియు ఇంట వీణ సాధించువారిని పరిహసించుచున్నారు. ఇంట వీణ యుండియు ఊర జెప్పువారు లేని బాలిక యేమి చేయవలెను? తంత్రులు సడలించి దానిని మూల బెట్టవలెనా? ఈ ప్రశ్నకు వారియొద్ద ప్రత్యుత్తరము లేదు.

సంప్రదాయ మందురా? ముత్తుస్వామి దీక్షితుల వంశమువాడైన సుబ్బరామ దీక్షితులకంటె సంప్రదాయజ్ఞు డెవడు? ఆయన 1904లో ఎట్టయపురమున "సంగీత సంప్రదాయ ప్రదర్శిని"ని తెలుగు లిపిలో వెలువరించి, స్వరములకే కాక గమకములకును గుర్తులు చూపెను. వంశధనమును లోకమునకు విప్పిపెట్టిన యా మహనీయుడు చదువరిని నమ్మెను. మనవారు నమ్మజాలకున్నారు!

ఒంటరి సాధనలో చిక్కులు లేవని మే మనము. వీణకు గల 24 మెట్లపై వ్రేలుంచినంతనే రాగము పలుకదు. తీగెను ప్రక్కకు లాగి గమకమును పుట్టింపవలెను. ఎంత లాగవలెనో చెవియే చెప్పవలెను. కావున శ్రుతిలో ముందు పాడి పిదప వాయింపవలెను. తంబుర శ్రుతి నేడు చేతి ఫోనులోనే దొరకుచున్నది గదా! సరళీవరుసలను మూడు కాలములలో సాధింపక కృతులకు దుముకువారు చెడుదురు. తన తప్పు తన చెవికి దోపని ఘట్టమును గలదు. అప్పుడు తెలిసినవారు తలుపు మూసికొన్నచో దోష మెవరిది?

ఏకలవ్యుడు మట్టిబొమ్మ నెదుట నుంచుకొని నేర్చెను. ఆచార్యుడు పిదప వచ్చి బొటనవ్రేలు గైకొనెను. మన విద్వాంసులను మేము కోరునది స్వల్పము: నెలకొక పూట యిట్టివారి వాదనమును వినుడు, తప్పు దిద్దుడు, వేతన మడుగకుడు.