బల్ల దగ్గర ఎవరిని మరిచిపోతున్నాం?

నెలలో మొదటి ఆదివారం. చాలా ప్రొటెస్టెంటు చర్చిల్లో ఆ రోజు ఆరాధన కాస్త ఆలస్యంగా ముగుస్తుంది. బల్ల మీద తెల్లటి గుడ్డ కప్పి ఉంటుంది. దాని కింద రొట్టె, ద్రాక్షరసం. ప్రభురాత్రి భోజనం, సంస్కారం, బల్ల... తెలుగు క్రైస్తవులు దీన్ని రకరకాలుగా పిలుచుకుంటారు. క్యాథలిక్కులకు ఇది దివ్యసత్ప్రసాదం. పేరేదైనా అందులో ముఖ్యమైన మాట ఒకటుంది. అది జ్ఞాపకం.

పోయినవారిని అన్నంతో తలచుకోవడం మనకు తెలిసిందే. ఆబ్దికం పెడతాం, వాళ్ల పేరున నలుగురికి భోజనం పెడతాం. ఈ విందు తీరు వేరు. సిలువకు వెళ్లే ముందు రాత్రి ఏసుక్రీస్తే స్వయంగా రొట్టె విరిచి శిష్యులకిచ్చాడు. తన జ్ఞాపకార్థం ఇలా చేస్తూ ఉండమన్నాడు. పైగా ఆయన తిరిగి లేచాడని క్రైస్తవుల విశ్వాసం. కాబట్టి ఇది చనిపోయిన మనిషి సంస్మరణ సభ కాదు.

మరి ఎలాంటి జ్ఞాపకం? దీనికి జవాబు యూదుల పస్కా పండుగలో ఉంది. మత్తయి, మార్కు, లూకా సువార్తల ప్రకారం ఆ రాత్రి విందు పస్కా భోజనమే. ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలైన రోజును యూదులు పులియని రొట్టెతో, చేదు కూరలతో తలచుకుంటారు. 'మా పూర్వికులు బయటపడ్డారు' అనుకుంటే సరిపోదు. ప్రతి తరమూ తానే బయటపడినట్లు భావించాలన్నది వారి సంప్రదాయం. ఏసు మాటను గ్రీకులో రాసినవారు వాడిన పదం 'అనామ్నేసిస్'. గతాన్ని గుర్తు తెచ్చుకోవడంతో ఆగకుండా, దాన్ని ఇప్పటి బతుకులోకి తెచ్చుకోవడమని పండితులు దీన్ని వివరిస్తారు.

అలా తెచ్చుకోకపోతే ఏమవుతుందో క్రీ.శ. 55 ప్రాంతంలోనే తెలిసింది. గ్రీసులోని కొరింథు పట్టణంలో విశ్వాసులు ఇళ్లలో కలుసుకుని భోంచేసేవారు. కలిగినవారు ఎవరికోసమూ ఆగకుండా ముందే తినేవారు, కొందరు మత్తెక్కేదాకా తాగేవారు. లేనివారు ఆకలితో ఉండిపోయేవారు. ఈ సంగతి విన్న అపొస్తలుడైన పౌలు ఘాటుగా ఉత్తరం రాశాడు. మీరు తినేది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు! ఏసు తన్ను తాను అందరికీ పంచాడని తలచుకుంటూ, పక్కవాడి ఆకలిని మరిచిపోతే ఆ తలపుకు అర్థమేముంది?

కొరింథులో డబ్బు చేసిన పని మన దక్షిణాదిలో కులం చేసింది. తంజావూరు ప్రాంతపు చర్చిల్లో విశ్వాసులు కులాలవారీగా విడివిడిగా కూర్చునేవారు, సంస్కారం తీసుకోవడంలోనూ ఆ తేడా పాటించేవారు. కలకత్తా బిషప్ డేనియల్ విల్సన్ 1833లో దీన్ని పూర్తిగా మానాలని ఆదేశించాడు. అది ఇష్టం లేక చర్చిని వదిలి వెళ్లినవారు ఎందరో. రొట్టె ఒకటే అయినా వరస ఒకటి కాలేకపోయింది.

1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్‌ఐ) ఏర్పడింది. డోర్నకల్, మెదక్ డయోసిస్‌లలోని తెలుగు సంఘాలూ ఇందులోవే. 1950లో ఈ సంఘం రూపొందించిన ఆరాధన క్రమంలో పాతకాలపు ఆచారమొకటి మళ్లీ చోటు చేసుకుంది. రొట్టె విరవడానికి ముందే ఒకరి చేతులు ఒకరు పట్టుకుని సమాధానం చెప్పుకోవాలి. పక్కన కూర్చున్నది ఎవరైనా సరే, పలకరింపు లేని బంధువైనా సరే.

సంస్కారం తీసుకునే ముందు తనను తాను పరీక్షించుకోవాలని పౌలు చెప్పిన మాటను చర్చిల్లో ప్రతిసారీ చదువుతారు. చాలామంది తమ తప్పులు గుర్తుచేసుకుని తల వంచుకుంటారు. మంచిదే. అయితే పౌలు ఆ మాట రాసింది పక్కవాడిని ఆకలితో వదిలేసిన మనుషులకు. తల వంచుకున్నాక ఒకసారి ఎత్తి పక్కకు కూడా చూడాలి. అక్కడ ఎవరున్నారు, ఎవరు రాలేదు, ఎందుకు రాలేదు? ఈ ప్రశ్నలూ ఆ జ్ఞాపకంలో భాగమే.